ఒడ్డు మనిషి

కుర్మయ్యను గొయ్యి మింగిందని మీరు ఫైల్లో రాసుకున్నారు. ఆ ఫైలుకు దారం కట్టి, బీరువాలో పడేసి, టీ తాగారు. గొయ్యి ఎవర్నీ మింగదు. గొయ్యి తన చోట తానుంటుంది. దాని ఒడ్డున నిలబడ్డ మనిషిని తీసేసింది మీరు. తీసెయ్యొచ్చని లెక్క చెప్పినవాళ్లు మీలో ఉన్నారు. ఆ లెక్క చదవకుండానే సంతకం గీకినవాళ్లు ఉన్నారు. మనిషి చచ్చాక ‘స్వీయ అజాగ్రత్త’ అని రెండు మాటలు రాసి చేతులు దులుపుకున్నవాళ్లు ఉన్నారు. మీ అందరి సంగతీ ఇందులో ఉంది. ముందు లెక్క చెప్పినామె సంగతి.

ఆమె పేరు ఆమని. చెడ్డమనిషి కాదు. భయపడాల్సింది అక్కడే. చెడ్డవాళ్లయితే దూరం నుంచే గుర్తుపట్టి పక్కకు తప్పుకోవచ్చు.

ఉండేది అల్వాల్‌లో. ఆఫీసు పేట్ బషీరాబాద్‌లో, ఒక బట్టల షాపు పైన. ఫలానా చోట పని ఎంత, దానికి ఎంతమంది కావాలి, ఉన్నవాళ్లలో ఎవరు అదనం అని తేల్చి చెప్పడం ఆ ఆఫీసు విద్య. మందుల ఫ్యాక్టరీలతో మొదలుపెట్టి మిలటరీ పనుల దాకా వచ్చారు. యజమాని భానుప్రకాశ్‌కు ఒక మాట అలవాటు. “సరిహద్దుల ఒక్కడు నిలబడాలంటే వెనక ఎందరుండాలె? గా వెనకోళ్లను తగ్గిస్తే ముందట ఇంకొకడు నిలబడతడు.” వినడానికి బాగుంటుంది. మీటింగులో అందరూ తలూపుతారు.

శామీర్‌పేట చెరువు దాటి, రోడ్డు మీది దాబాలు కూడా అయిపోయాక లోపలికి తిరిగితే, రాళ్లగుట్టల మధ్య ముళ్లకంచె వస్తుంది. చుట్టుపక్కలవాళ్లు దాన్ని తొమ్మిదో నంబర్ డిపో అంటారు. మిగతా ఎనిమిది ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. గుట్ట కింద తొలిచిన పాతకాలపు గదుల్లో టెంట్లు, తాళ్లు, రబ్బరు పడవలు దాస్తారు. ఆ గదుల్లో ఊరే నీళ్లన్నీ జారి ఒక లోతైన గోతిలో పడతాయి. దానికి ఇరవై ఎనిమిది ఇనపమెట్ల నిచ్చెన. రోజూ ఒక మనిషి గంటకోసారి దిగి నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసి, మోటారు పైపుకు అడ్డం పడిన చెత్త తీసి ఎక్కి రావాలి. నీటిమట్టం తనే చెప్పే యంత్రం ఒకటి బిగించారు. అది రెండో వానాకాలానికే తుప్పు పట్టింది.

దిగడానికి ఒకడు. ఒడ్డున నిలబడడానికి ఇంకొకడు. ఒడ్డు మనిషి అనేవాళ్లు ఆ రెండోవాణ్ని. దిగినవాడి నడుముకు తాడు, ఆ తాడు గిలక మీదుగా ఒడ్డు మనిషి చేతిలో. తలపైన ఒక ఇత్తడి గంట.

మూడేళ్ల కిందట ఆమని మొదటిసారి అక్కడికి వచ్చినప్పుడు ఒడ్డు మనిషి కుర్మయ్య. తలకు తువ్వాల చుట్టుకున్న బక్కమనిషి. డిపోలోకి ఫోన్లు రానివ్వరు, గేటు దగ్గరే పెట్టేయాలి. అందుకని ఆమె కాగితాలు, పెన్సిలు, చేతిగడియారం పట్టుకుని తిరిగేది. వాళ్ల పద్ధతి ఇది: ముందురోజే కంప్యూటరు అడ్డదిడ్డంగా కొన్ని సమయాలు ఎంచి ఇస్తుంది. సరిగ్గా ఆ నిమిషానికి పోయి మనిషిని చూడాలి. ఏదన్నా చేస్తుంటే ‘పని’ గడిలో టిక్కు. ఊరికే ఉంటే ‘ఖాళీ’ గడిలో టిక్కు. పది రోజుల్లో కుర్మయ్యను నూటపన్నెండు సార్లు చూసింది. నూటతొమ్మిది సార్లు ఖాళీ. మిగతా మూడు సార్లలో రెండుసార్లు తాడు సర్దుతున్నాడు, ఒకసారి గంటకు నూనె పెడుతున్నాడు.

“ఏం రాస్తున్నవు లెక్కలమ్మా?” అని అడిగాడు ఒకరోజు, గోతి మీంచి కళ్లు తిప్పకుండానే.

“నీ పనే, కుర్మయ్యా.”

“మంచిగ రాయి. మా బాలమణి నేను ఊకె నిలబడొస్తున్న అంటది. నీ కాయితం సూపిస్త.”

ఆమని నవ్వింది. రిపోర్టులో ‘ఒడ్డు పోస్టు: తొంభై ఏడు శాతం ఖాళీ. అవసరం లేదు’ అని రాసింది. డిపోలో అరవై నాలుగు పోస్టులు యాభై ఒకటయ్యాయి. భానుప్రకాశ్ ఆఫీసులో అందరికీ మిఠాయిలు పంచాడు.

ఈ జూన్‌లో మళ్లీ పంపాడు. “గోతి తనిఖీకి మనం తొమ్మిది నిమిషాలు అన్నం. వాళ్లకు ఇరవై రెండు పడుతాంది. ఎందుకో సూసి, ఇన్నాళ్లు తాత్కాలికంగ తీసిన ఒడ్డు పోస్టు శాశ్వతంగ రద్దని సంతకం పెట్టి శుక్రవారం లోపల పంపు. గా దిగేటోని పనిని మెకానిక్‌కే కలిపేద్దాం.”

సోమవారం పొద్దున డిపోలో సివిల్ సిబ్బందిని చూసే సూపర్‌వైజర్ హేమచంద్ ఆమెకు కుర్చీ వేశాడు. ఆమని మాటవరసకు అడిగింది, కుర్మయ్య ఎలా ఉన్నాడని.

“ఆయన లేడు మేడం. రెండేండ్లయితాంది.” హేమచంద్ గొంతు తగ్గించాడు. “మీ రిపోర్ట్ల ఒడ్డు పోస్టు పోయింది గద. ఇగ ఇద్దర్ని వంతులేసి దింపినం. ఒకరోజు దేవేందరు, ఒకరోజు కుర్మయ్య. ఆయన వంతుల గట్లయింది.”

“ఎట్లయింది?”

“కింద గాలి చెడిపోయుండె. ఎవ్వలకు తెల్వలే. మధ్యాన్నం అందరు తినేటప్పుడు ఆయన సద్ది డబ్బ మూత తియ్యకుంట అట్లనే ఉందని సూసిన్రు. అప్పుడు పోతే...” టేబుల్ మీది పేపర్ వెయిట్ తిప్పాడు. “మీరు పరేషాన్ కాకున్రి మేడం. ఎంక్వైరీల మీ పేరు రాలే.”

ఆమని చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టింది. తన పేరు రాలేదన్న మాట వినగానే ముందు గుండె తేలికైంది. ఆ తర్వాతే సిగ్గేసింది. ఈ వరస గుర్తుపెట్టుకోండి, మీ అందరికీ ఇలాగే జరిగి ఉంటుంది.

ఆ రోజు పదకొండు గంటల పదిహేడు నిమిషాలకు ఆమె గోతి దగ్గర ఉంది. మబ్బుపట్టింది గాని వాన లేదు. ఉక్క. గుట్టల మీద ఒక్క పిట్ట కూడా అరవడం లేదు. యాభై దాటిన దేవేందర్ నడుముకు తాడు కట్టుకుని, రెండో కొసను తనే రెయిలింగుకు ముడేసి నిచ్చెన దిగాడు. ఒడ్డున ఎవరూ లేరు. అక్కడ కంకర మీద రెండు పాదాలంత మేర నేల నున్నగా అరిగి ఉంది.

ఆమె పదడుగుల దూరంలో రాయి మీద కూర్చుని రాసుకుంటోంది. కింది నుంచి ఇనుము మోగింది. ఠంగ్, ఠంగ్. ఆ వెంటనే దేవేందర్ గొంతు: “ఉన్న.”

ఎవరికి చెప్పాడో అర్థం కాలేదు. కాసేపటికి మళ్లీ రెండు దెబ్బలు. “ఉన్న.” మళ్లీ. అలా పన్నెండుసార్లు. పైనుంచి ఎవరో అడుగుతున్నట్టు, అతను బదులిస్తున్నట్టు. పాత అలవాటు కాబోలు అనుకుంది. ఇరవై రెండు నిమిషాలకు అతను పైకొచ్చి, అరిగిన ఆ చోటును తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లాడు.

సాయంత్రం అల్వాల్‌లో ఇంటికొచ్చి కాగితం తీసి కంప్యూటరులోకి ఎక్కించబోయింది. ఆమె ఫారంలో రెండే వరసలు: దిగే మనిషి, మెకానిక్. వాటి కింద పెన్సిలుతో మూడో వరస ఉంది. ‘ఒడ్డు మనిషి.’ ఖాళీ గడిలో పదకొండు టిక్కులు. పని గడిలో ఒక్కటీ లేదు. రాత ఆమెదే. టిక్కు కొస పైకి లాగి చిన్నగా వంచడం ఆమె చిన్నప్పటి అలవాటు. పదకొండింటికీ ఆ వంపు ఉంది.

అలసటలో రాసి ఉంటానని రబ్బరుతో తుడిచేసింది. మర్నాడు పొద్దున రెండు వరసల కింద పెన్నుతో లావుపాటి గీత కొట్టి, ‘ఇంతే’ అని రాసి మరీ తీసుకెళ్లింది. ఆ సాయంత్రం ఆ గీత కింద మళ్లీ ఒడ్డు మనిషి. పద్నాలుగు ఖాళీలు.

అంతకుముందే, ఆ మధ్యాహ్నం, ఆమె దేవేందర్‌ను అడిగింది. అతను బండరాయికి ఆనుకుని సీసాలో నీళ్లు తాగుతున్నాడు.

“అన్నా, కింద ఎవరితోని మాట్లాడుతవు?”

“పిలిచినోనితోని.”

“పిలిచేది ఎవరు?”

“మీరు పైననే ఉంటిరి గద మేడం. నన్నడుగుతరేంది?”

“నాకు ఎవ్వరు కనిపించలే.”

దేవేందర్ సీసా మూత నిదానంగా బిగించాడు. “అప్పుడు గూడ కనిపించలే గద మీకు. పది దినాలు మీ ముంగటనే నిలబడె కుర్మన్న. ఖాళీ అని రాస్తిరి.”

ఆమని పెన్సిలు కిందికి దించింది.

“ఒకటి సెప్పున్రి. గేటు కాడ జవాను తుపాకి పట్టుకొని నిలబడ్డడు. పొద్దున కెళ్లి ఒక్క గుండు పేల్చలే. గాయన ఖాళీయేనా?”

“అది కాపలా, అన్నా.”

“మరి గిదేంది? నూరు ఎంచుకుంట నిలబడతుండె మేడం, లోపల్లోపల. నూరు కాంగనే పేరు పెట్టి పిల్చేది. నేను మెట్టు మీద రెండు దెబ్బలు కొట్టి ఉన్న అనాలె. మూడు పిలుపులకు పలక్కపోతే గంట కొట్టాలె, గోదాం నుంచి మంది ఉరికొస్తరు, తాడు గుంజుతరు. ఒడ్డోడు మాత్రం దిగొద్దు. దిగిండంటే ఇద్దరు పోతరు. గీ ఎంచుడుల ఉంటే ఈగ వాలినా కొట్టకపోతుండె.”

ఆమనికి పాత కాగితం గుర్తొచ్చింది. దాని అంచున ఒక మాట రాసుకుంది అప్పట్లో. ‘పెదవులు కదులుతున్నాయి. ఏదో నములుతున్నాడు?’

“గాలి సూసే మిషన్ ఇయ్యలేదా?”

“ఇచ్చిన్రు. స్టోర్ల భద్రంగ ఉంది. పాడైతదని బయటికి తియ్యరు.” దేవేందర్ లేచాడు. “మీకు ఇరవై రెండు నిమిషాలు ఎందుకైతాందో గావాలె, గంతే గద? కుర్మన్న నూరు ఎంచి పిలిచేదాక ఆగుత, పలికినంకనే ఇంకో నాలుగు మెట్లు దిగుత. ఆయన పిలుస్తాండు గనుకనే నేను దిగుతున్న. రాసుకోన్రి.”

ఎలా రాసుకోవాలి? ఏ గడిలో? ఆమెకు చదువు చెప్పినవాళ్లెవరూ దానికి గడి గీయలేదు.

బుధవారం ఆమె ఒక పిచ్చిపని చేసింది. ఆ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లే చెయ్యగల పిచ్చిపని. దేవేందర్ చెప్పింది వట్టి భయమా, నిజంగా అంత సమయం పడుతుందా అని తనే కొలిచి చూద్దామనుకుంది. మధ్యాహ్నం అతను అన్నానికి వెళ్లగానే తాడు నడుముకు కట్టుకుంది, రెండో కొస రెయిలింగుకు ముడేసింది. కాగితాన్ని ఒడ్డున రాయి కింద పెట్టింది. పెన్సిలు జేబులో వేసుకుంది. గడియారం చూసుకుని దిగింది.

ఇరవై ఎనిమిది మెట్లు మూడు నిమిషాల్లో అయిపోయాయి. కింద తడిసిన గోనెసంచుల వాసన. నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. తలెత్తితే ఆకాశం స్టీలు పళ్లెమంత. తొమ్మిది నిమిషాలు చాలనే అనుకుంది. పైపు దగ్గర చెత్త చూసింది. కాసేపు చివరి మెట్టు మీద కూర్చోవాలనిపించింది. కూర్చుంది. హాయిగా ఉంది. కాళ్లు బరువెక్కాయి, అది కూడా హాయిగానే ఉంది. లోపల ఎవరో అంకెలు ఎంచుతున్నారు. తొంభై ఆరు, తొంభై ఏడు. తనే ఎంచుతున్నానేమో అనుకుంది.

“లెక్కలమ్మా... ఉన్నవా?”

పైనుంచి. స్పష్టంగా. నిదానంగా. కోపం లేదు, ఆరాటం లేదు. డ్యూటీ గొంతు.

ఉన్నానని అందామనుకుంది. అనాల్సిన పని ఏముందిలే అనిపించింది. పళ్లెంలా ఉన్న ఆకాశం కాస్త చిన్నదైంది.

“లెక్కలమ్మా... ఉన్నవా?”

మధ్యలో నూరు అంకెలు గడిచాయని ఆమెకు తెలియదు. నాలుక ఎక్కడుందో వెతుక్కుంది. ఆ గొంతు మూడోసారి పిలిచింది. అప్పుడు గంట మోగింది. గోతి గోడలు అదిరేలా, ఒక చోట ఆగకుండా, ఇత్తడంతా నెత్తిన కురిసినట్టు. ఆ మోతకు చెయ్యి లేచింది. మెట్టును కొట్టింది. ఇంకోసారి కొట్టింది. ఎలా ఎక్కిందో తెలియదు, మోచేతులు చీరుకుపోయాయి.

ఒడ్డున ఎవరూ లేరు. గంట ఊగుతోంది, గాలి మాత్రం లేదు. గంట తాడు పైకి చుట్టి ముడేసి ఉంది. ఆ ముడి మీద సాలెగూడు చెక్కుచెదరలేదు. రాయి కింది కాగితంలో మూడో వరసలో కొత్త టిక్కు ఒకటి. ఖాళీ. కొస పైకి లాగి, చిన్నగా వంచి. పెన్సిలు ఆమె జేబులోనే ఉంది.

దేవేందర్ ఉరికొచ్చాడు. చేతికి అన్నం మెతుకులు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఆమెను చూశాడు, ఊగుతున్న గంటను చూశాడు. ఎందుకు దిగావని అడగలేదు.

“మూడు పిలుపులైనయా మేడం?” అన్నాడు అంతే.

మర్నాడు ఆమె డిపోకు పోలేదు. మేడ్చల్ పోయింది. బస్టాండు వెనక సందులో రెండు గదుల రేకుల ఇల్లు. బాలమణి వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఆమని తానెవరో దాచకుండా చెప్పింది. బాలమణి చెయ్యి ఆగలేదు.

“నువ్వేనా లెక్కలమ్మవు. మస్తు చెప్తుండె నీ గురించి. కాయితం తెస్తడు, సూపిస్తడు అని నేను ఎదురు సూస్తుంటి. తెచ్చిన్రు ఇంకెవరో, వేరే కాయితం.” గింజ తీసి పక్కన పడేసింది. “నేను గూడ నవ్వుతుంటి బిడ్డ. ఊకె నిలబడొచ్చినోనికి కాళ్లు గుంజుతున్నయా అని ఎక్కిరిస్తుంటి. రాత్రి నిద్రల గూడ ఎంచేది. నూరు కాంగనే దేవేందరూ అనేది.”

“అమ్మా, ఆయన ఇంకా ఆడనే నిలబడ్డడు.” ఈ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమనికే అనిపించింది.

బాలమణి ఆశ్చర్యపోలేదు. “నిలబడక యాడ పోతడు? డ్యూటీ దిగాలంటే ఇంకొకడు రావాలె. గా చోట్ల కాళ్లు పెట్టి ‘నేనున్న, నువ్ పో’ అనాలె. అప్పుడు ఈన ‘పైలం’ అని జాగర్త చెప్పి దిగాలె. గదే వాళ్ల కట్టుబాటు. ఒకపారి నాకు జ్వరమొస్తే గూడ మాట చెప్పేటోడు రాలేదని పొద్దుగూకేదాక రాలే. మీరు కాయితం మీద తీసేసిన్రు. నోటితోని ఎవ్వరన్నా అన్నరా?”

ఆమని తల అడ్డంగా ఊపింది.

“కింద పడ్డది ఆయన ఒళ్లు. డ్యూటీ మాత్రం దిగలే. దినాలు చేసినం, పిండం పిట్ట గూడ ముట్టలే.” మొదటిసారి చెయ్యి ఆపింది. “సంపింది నువ్వని నేననను. సంపినోళ్లు శానమంది ఉన్నరు. కని నువ్వొచ్చినవు. డ్యూటీ దింపు ఆయన్ని.”

మేడ్చల్ నుంచి తిరిగొస్తుంటే దారంతా వాన. మొదటి పెద్దవాన. గుట్టల మీంచి నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. ఈ నీళ్లన్నీ ఎక్కడికి చేరతాయో ఆమెకు తెలుసు.

శుక్రవారం తొమ్మిదింటికే గోతి దగ్గరికి పోయింది. దేవేందర్ అప్పటికే తాడు కట్టుకుంటున్నాడు. నీళ్లు తొమ్మిది మెట్లు మింగాయి, ఆలస్యమైతే గదుల్లోకి ఎదురు తంతాయి, దిగక తప్పదని హేమచంద్ చెప్పి పంపాడట. బాలమణి చెప్పిన మాట ఆమె చెప్పింది. దేవేందర్ ముఖం వాడిపోయింది.

“ఆయన్ని దింపుతరా? దింపి? నన్నెవరు పిలుస్తరు మేడం? మీరు ఇయ్యాల సంతకం పెట్టి అల్వాల్ పోతరు. రేపు నేను మళ్ల దిగాలె. నాకు ఉన్నది ఆయనొక్కడే.”

“చచ్చినోనితోని డ్యూటీ చేపిస్తున్నం అన్నా. రెండేండ్ల నుంచి. నా లెక్క సరిపోయిందని అందరు అనుకుంటున్నరు. సరిపోయింది ఎందుకో తెలుసా? ఆయన నిలబడ్డడు గనుక.”

దేవేందర్ గోతిలోకి చూశాడు. తర్వాత రెయిలింగుకు కట్టిన తాడు కొస విప్పి, గిలక మీదుగా వేసి, ఆమె చేతికిచ్చాడు. “ఎంచొస్తదా?” అన్నాడు. “ఎంచుడే కదా నా పని,” అంది ఆమె. అతను నవ్వలేదు, ఆమె కూడా నవ్వలేదు.

ఆమె వెళ్లి, అరిగిన ఆ రెండు పాదాల మచ్చల్లో తన పాదాలు పెట్టింది. అక్కడి కంకర వెచ్చగా ఉంది. రాత్రంతా వాన కురిసిన నేల. అప్పటిదాకా ఎవరో నిలబడి ఉన్న చోటులా వెచ్చగా ఉంది.

“నేనున్న,” అంది. “నేనున్న కుర్మయ్యా. నువ్ పో.”

కొంతసేపు ఏమీ కాలేదు. తర్వాత ఆమె భుజం పక్కన, చెవికి జానెడు దూరంలో, నిలబడి నిలబడి మోకాళ్లు పట్టినవాడు ఊపిరి వదిలినట్టు వినిపించింది.

“పైలం, లెక్కలమ్మా.”

కంకర మీద అడుగులు. ఒక కాలు కొంచెం ఈడుస్తూ. గోదాముల పక్కగా, గేటు వైపు, మేడ్చల్ దిక్కుకు. దేవేందర్ కూడా తల తిప్పి ఆ అడుగుల్నే చూశాడు, ఏమీ కనబడకపోయినా. గేటు దగ్గర జవాను ఎందుకో అటెన్షన్‌లోకి వచ్చాడు. తర్వాత ఏమీ లేదు. ఆ చోటు అంత ఖాళీగా ఉండడం ఆమె ఎన్నడూ ఎరగదు. ఇన్నాళ్లూ ఖాళీ ఖాళీ అని రాసింది కదా, ఇదిగో, ఖాళీ అంటే ఇది.

దేవేందర్ దిగాడు. ఆమె ఎంచింది. ఎంచడం సులువనుకుంటారు మీరు. నిలబడి చూడండి. ముప్పై దగ్గర వాననీరు కంట్లో పడుతుంది, తుడవకూడదు. యాభై దగ్గర వెనక లారీ హారన్ మోగుతుంది, తిరగకూడదు. డెబ్బై దగ్గర ఇంటి సంగతి గుర్తొస్తుంది, రానివ్వకూడదు. కింద ఒక ప్రాణం ఆ అంకెల మీద వేలాడుతుంటుంది.

“దేవేందరన్నా... ఉన్నవా?”

ఠంగ్, ఠంగ్. “ఉన్న.”

మూడు నూర్లు గడిచాయి. హేమచంద్ గొడుగేసుకుని వచ్చాడు. “మేడం, మీ భానుప్రకాశ్ సార్ ల్యాండ్‌లైన్ మీదున్నడు. సంతకం అయిందా అని అడుగుతాండు. జల్దీ రమ్మన్నడు.” ఆమె తల తిప్పలేదు. “మేడం, మీకే చెప్తున్న. ఊకె నిలబడ్డరేంది?”

తొంభై తొమ్మిది. నూరు.

“దేవేందరన్నా... ఉన్నవా?”

జవాబు లేదు. నీళ్ల చప్పుడు. ఆమె మళ్లీ ఎంచింది, ఈసారి పెదవులు కదుపుతూ. పిలిచింది. లేదు. కాళ్లు నిచ్చెన వైపు లాగాయి. ఒడ్డోడు దిగొద్దు. కాళ్లను ఆ మచ్చల్లోనే నొక్కిపట్టింది. మూడోసారి పిలిచింది.

పైనుంచి, పక్కనుంచి, ఎక్కడినుంచీ ఏ గొంతూ రాలేదు. సాయం పట్టే మనిషి వెళ్లిపోయాడు. తనే పంపింది.

సాలెగూడు తెంపి గంట తాడు లాగింది.

గోదాముల్లోంచి ఆరుగురు ఉరికొచ్చారు. హేమచంద్ గొడుగు పారేసి తనే తాడు పట్టాడు. దేవేందర్ పైకొచ్చేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. బోర్లించి, వీపు రుద్ది, ముఖాన నీళ్లు కొట్టారు. చాలాసేపటికి దగ్గాడు. కళ్లు తెరవకుండానే కుడిచెయ్యి నేల మీద రెండుసార్లు కొట్టాడు. “ఉన్న.”

అతన్ని జీపులో దవాఖానకు తీసుకెళ్లారు. అందరూ వెళ్లిపోయారు. హేమచంద్ ఒక్కడే మిగిలాడు, తడిసి ముద్దై. “రాన్రి మేడం. ఇగ కింద ఎవ్వరు లేరు గద. ఆఫీసుల కూసుందాం.”

“నీళ్లు దిగలే హేమచంద్ గారూ. గంటాగి ఇంకొకర్ని దింపుతరు మీరు. దింపరా?”

అతను గోదాముల వైపు చూశాడు.

“అయితే నేను డ్యూటీ దిగొద్దు. ఎవరన్న వచ్చి ఈడ కాళ్లు పెట్టి మాట చెప్పాలె.”

గోతి మీంచి తల తిప్పకుండానే తడిసిన కాగితం తీసి కంటి కొసన చూసింది. మూడో వరస అక్కడే ఉంది. ఖాళీ గడిలోని టిక్కులన్నీ చెరిగిపోయి ఉన్నాయి, వానకో, మరి దేనికో. చూడకుండానే పెన్సిలుతో పని గడిలో నిలువునా ఒక గీత గీసింది. కింద, శాశ్వత రద్దుకు సంతకం పెట్టాల్సిన చోట, పెద్ద అక్షరాలతో రాసి హేమచంద్ చేతిలో పెట్టింది. అతను గొంతెత్తి చదివాడు. ఎవరికోసం రాసిందో వాళ్లందరికీ వినబడాలన్నట్టు చదివాడు.

“ఒడ్డు పోస్టు తీసెయ్యమన్న లెక్క నాది. ఆ లెక్క తప్పు. దాంతో కుర్మయ్య చచ్చాడు. ఎంక్వైరీలో నా పేరు రాయండి. మీ పేర్లూ రాయండి. ఈ గోతికి ఒడ్డు మనుషులు ఇద్దరు కావాలి, వంతుల మీద, బతికున్నవాళ్లు. గాలి చూసే మిషన్ స్టోర్‌లోంచి తియ్యండి. వచ్చే నెల కాదు, మీటింగు అయ్యాక కాదు. ఇంకో గంటలో మనిషి దిగుతాడు. ఇన్నాళ్లూ నిలబడ్డవాణ్ని నేను పంపించేశాను. ఇప్పుడు ఒడ్డున నేను తప్ప ఎవరూ లేరు. పంపండి.”